మగ కుక్కపిల్ల పెరుగుతోందా? ఏది మామూలు, ఏది ముప్పు?

ఉద్యోగం వచ్చి ఏడాదయింది. ముగ్గురు ఫ్రెండ్స్ కలిసి మణికొండలోనో, మధురవాడలోనో టూ బీహెచ్‌కే తీసుకున్నారు. వారంలో రెండు రోజులు వర్క్ ఫ్రమ్ హోమ్. ఇక కుక్కపిల్ల ఒక్కటే తక్కువ! ఆడదైతే హీట్‌కొస్తుంది, పిల్లల్ని పెడుతుంది, ఆ గొడవంతా మనకెందుకని చాలామంది మగదాన్నే తెచ్చుకుంటారు. అమ్మేవాళ్లు కూడా ‘మేల్ తీసుకోండి సార్, ఏ టెన్షనూ ఉండదు’ అంటారు.

టెన్షన్ ఉంటుంది. ఇంటికి తెచ్చిన రెండో వారంలోనే మొదలవుతుంది. నేను రాసేది ఫోన్ల గురించి, యాప్‌ల గురించి. కానీ ఇంట్లో రెండు మగ కుక్కలు ఉన్నాయని తెలిసిన దగ్గర్నుంచి, ‘పాతిక వేలలో ఏ ఫోన్ కొనమంటావ్’ అనే మెసేజ్‌ల కంటే ‘మావాడికి అక్కడేదో గడ్డ లేచింది, కొంచెం చూడరా’ అని అర్ధరాత్రి వచ్చే ఫొటోలే ఎక్కువయ్యాయి. వాటిల్లో చాలావరకు భయపడాల్సినవి కావు. అసలు భయపడాల్సిన విషయాలకు మాత్రం ఎవరూ ఫొటో తీయరు. ‘రేపు చూద్దాంలే’ అని పడుకుంటారు. ఇబ్బందంతా అక్కడే ఉంది.

డాక్టర్ దగ్గరికి వెళ్లినా కొందరు నోరు విప్పరు. కౌంటర్ దగ్గర పదిమంది ఉంటారు, పక్కన అమ్మో, చెల్లో ఉంటుంది. మగ కుక్క అవయవాల గురించి ఎలా అడగాలో తెలియక ‘జనరల్ చెకప్ సార్’ అనేసి వచ్చేస్తారు. అందుకే ముందు ఆ అడగలేని సంగతులే మాట్లాడుకుందాం.

సిగ్గుపడి అడగనివి

పిల్ల ఆడుతూ ఆడుతూ ఉత్సాహం ఎక్కువైనప్పుడు పురుషాంగం మొదట్లో రెండు వైపులా గుండ్రంగా, గట్టిగా ఉబ్బుతుంది. మొదటిసారి చూసినవాళ్లు ట్యూమర్ అనుకుంటారు. ఇంకొందరు అవే వృషణాలు అనుకుని నిశ్చింతగా ఉండిపోతారు. రెండూ కాదు. అక్కడ రక్తం నిండి ఉబ్బే ఒక గ్రంథి ఉంటుంది. మగ కుక్కలన్నిటికీ ఉంటుంది. ఉత్సాహం తగ్గాక కొద్ది నిమిషాల్లో దానంతటదే తగ్గిపోతుంది. దాన్ని నొక్కడం, ఐస్ పెట్టడం లాంటివి వద్దు. వదిలేయండి. చేత్తో తాకినప్పుడు లోపల సన్నటి పుల్లలా తగిలేది కూడా నిజంగా ఎముకే. కుక్కలకు అక్కడ ఎముక ఉంటుంది. దాన్ని గుర్తుపెట్టుకోండి, కాసేపట్లో మళ్లీ దాని ప్రస్తావన వస్తుంది.

చివర్లో లేత పసుపు రంగులో చిక్కటి చుక్క కనిపిస్తే చీము అనుకుని యాంటీబయోటిక్ కోసం మెడికల్ షాపుకు పరిగెత్తేవాళ్లున్నారు. కొద్దిగా ఉంటే అది మామూలే. చర్మం లోపల ఊరే స్రావం అది. రోజంతా కారుతున్నా, రక్తం కలిసినా, దుర్వాసన వచ్చినా, పిల్ల అదే పనిగా నాక్కుంటున్నా డాక్టర్‌కు చూపించాలి.

ఇక దిండు మీద, మీ కాలి మీద, ఇంటికొచ్చిన చుట్టాల కాలి మీద ఎక్కడం. రెండు నెలల పిల్ల కూడా ఇది చేస్తుంది. తోబుట్టువులతో ఆటలో భాగంగానే నేర్చుకుంటుంది. ఆ వయసులో దానికి కామంతో సంబంధం లేదు. ఆడపిల్లలు కూడా చేస్తాయి. ఎక్కువగా అలసిపోయినప్పుడు, విపరీతంగా ఉత్సాహపడినప్పుడు కనిపిస్తుంది. కొట్టకండి, పగలబడి నవ్వకండి కూడా. మీరు నవ్వితే అదొక ఆట అనుకుంటుంది. లేచి పక్కకు వెళ్లి, నమలడానికి బొమ్మ ఇస్తే చాలు.

‘ఏడు నెలలొచ్చాయి, ఇంకా ఆడపిల్లలా కూర్చునే పోస్తున్నాడు’ అన్నది ఇంకో బెంగ. మగపిల్లలన్నీ మొదట్లో వంగే పోస్తాయి. కాలెత్తడం చాలావాటిలో ఆరు నుంచి తొమ్మిది నెలల మధ్య మొదలవుతుంది. కొన్నిటికి ఏడాది పడుతుంది, కొన్ని జీవితాంతం ఎత్తవు. మగతనానికీ దీనికీ లింకు పెట్టి మీమ్స్ చేసేవాళ్లను పట్టించుకోకండి.

రెండూ కిందికి దిగాయా?

ఫొటోలు రావాల్సింది దీని గురించి. రావు.

మగపిల్ల తల్లి కడుపులో ఉన్నప్పుడు వృషణాలు కిడ్నీల దగ్గర తయారవుతాయి. అక్కడి నుంచి మెల్లగా కిందికి జారి, గజ్జల్లోని చిన్న సందులోంచి బయటికొచ్చి, సంచిలోకి చేరాలి. చాలా పిల్లల్లో రెండు నెలలు వచ్చేసరికి రెండూ సంచిలో చేతికి తగులుతాయి. కొన్నిటికి కాస్త ఆలస్యమవుతుంది. ఆర్నెల్లకు ఆ సందు మూసుకుపోతుంది. అప్పటికీ దిగకపోతే ఇక దిగదనే లెక్క. ఒకటి దిగి ఒకటి ఆగిపోవచ్చు, రెండూ ఆగిపోవచ్చు. ఆగిన చోటు పొట్ట లోపల కావచ్చు, గజ్జల్లో చర్మం కింద కావచ్చు. పొమరేనియన్, టాయ్ పూడిల్, చివావా లాంటి చిన్న జాతుల్లో ఇది ఎక్కువ. జర్మన్ షెపర్డ్, బాక్సర్లలోనూ కనిపిస్తుంది.

ఇంట్లో చూడటం కష్టం కాదు. పిల్ల తిని, ఒళ్లు వదిలేసి వెల్లకిలా నిద్రపోతున్నప్పుడు, మీ చేతులు వెచ్చగా ఉన్నప్పుడు, రెండు వేళ్లతో సున్నితంగా సంచిని తడమండి. రెండు నెలల చిన్న పిల్లలో శనగగింజల్లా రెండు తగలాలి. చలికి, భయానికి చిన్న పిల్లలు వాటిని పైకి లాగేసుకుంటాయి. అందుకే క్లినిక్‌లో స్టీల్ టేబుల్ మీద వణుకుతున్నప్పుడు ‘లేవు’ అని తేలినవి ఇంట్లో కనిపించవచ్చు. ఒక్కసారి తగల్లేదని కంగారు వద్దు. నాలుగో నెల దాకా వారానికోసారి చూసి, తేదీతో సహా ఫోన్‌లో నోట్ చేసుకోండి. డాక్టర్‌కు ఆ నోట్ చాలా ఉపయోగపడుతుంది.

దిగకపోతే ఏమవుతుంది? బయటికి మాత్రం ఏమీ కనిపించదు. పిల్ల తింటుంది, ఆడుతుంది, బాగానే పెరుగుతుంది. లోపల చిక్కుకున్న వృషణం మాత్రం శరీరపు వేడిలో ఉండిపోతుంది. వీర్యకణాలు తయారు చేయలేదు కానీ హార్మోన్ మాత్రం విడుదల చేస్తూనే ఉంటుంది. ఏళ్లు గడిచాక అందులో క్యాన్సర్ గడ్డ పుట్టే అవకాశం మామూలు వృషణంతో పోలిస్తే చాలా రెట్లు ఎక్కువ. అది లోపలే మెలిపడితే కడుపునొప్పితో ప్రాణం మీదికే వస్తుంది. ఆపరేషన్ చేసి తీసేయడమే దీనికి పరిష్కారం. కిందికి దించే ఇంజెక్షన్లున్నాయని ఎవరైనా చెబితే వాటి మీద ఆశ పెట్టుకోకండి.

నా ఫ్రెండ్ ఒకడు లాబ్రడార్ పిల్లను తెచ్చాడు. యాభై రోజుల పిల్ల. టీకాలన్నీ టైముకు వేయించాడు. మూడుసార్లు క్లినిక్‌కు వెళ్లినా ఎవరూ చూడలేదు, వాడూ అడగలేదు. పిల్లకు ఎనిమిది నెలలప్పుడు ఇంకో డాక్టర్ చెకప్‌లో ‘ఒకటేగా ఉంది, రెండోది ఏది?’ అనడిగారు. స్కాన్‌లో పొట్టలో దొరికింది. వాడు అప్పటికే స్టడ్ ఫీజు లెక్కలు వేసుకుంటున్నాడు. క్రాసింగ్‌కు తీసుకెళ్తే ఎంతొస్తుంది, ఏడాదికి ఎన్నిసార్లు... ఎక్సెల్ షీట్ కూడా ఉంది! ఒక్క వృషణం దిగినా పిల్లలు పుడతాయి కదా, క్రాసింగ్ చేయించాకే ఆపరేషన్ చేయిద్దామన్నాడు. డాక్టర్ ఒప్పుకోలేదు. ఎందుకంటే ఇది వంశపారంపర్యం. ఆ తండ్రికి పుట్టే మగపిల్లల్లోనూ ఇదే లోపం రావచ్చు. ఆడపిల్లలు పైకి ఏ లక్షణమూ లేకుండా దాన్ని తర్వాతి తరానికి మోసుకెళ్తాయి. కొనేవాళ్లకు ఆ సంగతి తెలియదు. మావాడు రెండు రోజులు ముఖం మాడ్చుకుని, మూడో రోజు ఆపరేషన్‌కు డేట్ తీసుకున్నాడు. వాడి మీద నాకు గౌరవం పెరిగిన విషయాల్లో ఇదొకటి.

కాబట్టి పిల్లను కొనేటప్పుడే, దత్తత తీసుకునేటప్పుడే దీని గురించి అడగండి. దిగకపోయినా తీసుకోవచ్చు, ప్రేమగా పెంచుకోవచ్చు. ఆపరేషన్ ఖర్చు ఉంటుందని ముందే తెలిస్తే చాలు.

ఒళ్లు వేడిగా ఉంటే జ్వరమేనా?

మనకు 98.6 డిగ్రీల ఫారెన్‌హీట్ మామూలైతే, కుక్కకు 101 నుంచి 102.5 మామూలు. అంటే ఆరోగ్యంగా ఉన్న పిల్ల కూడా మన చేతికి వేడిగానే తగులుతుంది. ముక్కు పొడిగా ఉందనో, ఒళ్లు కాలుతోందనో పారాసెటమాల్ చుక్కలు వేసేవాళ్లను చూశాను. దయచేసి వద్దు. మనం వాడే నొప్పుల మాత్రల్లో ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి కుక్కలకు కడుపులో పుండ్లు చేస్తాయి, కిడ్నీలను పాడుచేస్తాయి. చిన్న పిల్లకు ఒక్క మాత్ర కూడా ప్రమాదమే. వంద రూపాయల్లో డిజిటల్ థర్మామీటర్ దొరుకుతుంది. మలద్వారంలో పెట్టి చూడటం ఎలాగో డాక్టర్‌ను ఒకసారి చూపించమనండి.

నాలుగో నెలలో ఇంట్లో ఎక్కడో బియ్యపుగింజలాంటి పన్ను దొరుకుతుంది. పాలపళ్లు 28. అవి ఊడి, ఏడు నెలలు వచ్చేసరికి 42 శాశ్వత పళ్లు రావాలి. చిగుళ్ల నుంచి కాస్త రక్తం, చార్జర్ వైర్ల మీద దాడి, అన్నీ మామూలే. కొత్త కోరపన్ను వచ్చాక కూడా పాత కోరపన్ను పక్కనే నిలబడి ఉంటే మాత్రం తీయించాలి. చిన్న జాతుల్లో ఇది తరచూ జరుగుతుంది. జర్మన్ షెపర్డ్ చెవులు నిలబడినట్టే నిలబడి పళ్లు మారే రోజుల్లో మళ్లీ వాలిపోతే టేపులు అంటించకండి. ఈ దశ దాటాక చాలావాటికి వాటంతటవే లేస్తాయి.

ఐదు నెలల నుంచి ఏడాది మధ్య పెద్ద జాతి మగపిల్లలు ఉన్నట్టుండి కుంటుతాయి. ఈ వారం ముందు కాలు, వచ్చే వారం వెనక కాలు. దెబ్బ తగిలిన గుర్తు ఉండదు. పెరిగే ఎముకల్లో వచ్చే నొప్పి ఇది. ఆడవాటి కంటే మగవాటిలో, అందులోనూ జర్మన్ షెపర్డ్‌లలో ఎక్కువ. ఎక్స్‌రేలో తెలుస్తుంది, కొన్నాళ్లకు తగ్గుతుంది. అయితే ‘పెరిగే నొప్పులే’ అని మీరే తీర్పు ఇచ్చేయకండి. తుంటి కీలు లోపం కూడా కుంటుడుతోనే మొదలవుతుంది.

తిండి దగ్గర మనవాళ్లవి రెండు దారులు. కొందరు మూడు పూటలా పెరుగన్నం, పాలు. ఇంకొందరు ఉత్త చికెన్, లివర్. మొదటిదాంట్లో పెరిగే పిల్లకు సరిపడా ప్రొటీన్ ఉండదు, పైగా పాలు చాలా పిల్లలకు విరేచనాలు పట్టిస్తాయి. రెండోదాంట్లో ప్రొటీన్ ఉంటుంది కానీ కాల్షియం ఉండదు, ఎముకలు మెత్తబడి కాళ్లు వంకరపోతాయి. ఈ సంగతి విని పెట్ షాపు నుంచి కాల్షియం సిరప్ తెచ్చి ఇష్టమొచ్చినట్టు పోస్తారు. అదీ తప్పే. ఎదుగుతున్న వయసులో పిల్ల శరీరం ఎక్కువైన కాల్షియాన్ని వద్దనలేదు, లోపలికి తీసేసుకుంటుంది. గ్రేట్ డేన్ లాంటి పెద్ద జాతుల్లో ఎముకలు అడ్డదిడ్డంగా పెరుగుతాయి. సమతూకంగా తయారైన పప్పీ ఫుడ్ పెడుతుంటే సిరప్ అక్కర్లేదు. ఇంటి వంటే పెడతానంటే మంచిదే, డాక్టర్‌తో కూర్చుని ఏది ఎంత పెట్టాలో రాయించుకోండి.

బొడ్డు దగ్గర మెత్తటి ఉబ్బు, నొక్కితే లోపలికి వెళ్లిపోయేది, చిన్నదైతే ఆర్నెల్లలోపు మూసుకుపోవచ్చు. అది గట్టిపడి, తాకితే పిల్ల అరుస్తుంటే అదే రోజు చూపించాలి. తిన్నాక పొట్ట ఉబ్బితే ఫర్వాలేదు. పొద్దున లేచేసరికి కూడా కుండలా ఉండి, పక్కటెముకలు కనిపిస్తుంటే ఏలికపాములు ఉన్నట్టే. ఇవి తల్లి కడుపులో ఉన్నప్పుడే పిల్లకు వచ్చేస్తాయి. అందుకే రెండు, మూడు నెలల వయసు దాకా రెండు వారాలకోసారి, తర్వాత ఆర్నెల్ల దాకా నెలకోసారి బరువును బట్టి మందు తాగించాలి. ఇవి మనుషుల పిల్లలకూ అంటుకుంటాయి, ఇంట్లో చిన్నపిల్లలుంటే మరీ జాగ్రత్త.

తెల్లారేదాకా ఆగకూడనివి

నిన్నటిదాకా ఎగిరిన పిల్ల ఈరోజు గిన్నె దగ్గరికి రాలేదు. మధ్యాహ్నం వాంతి. సాయంత్రం నీళ్ల విరేచనం, రాత్రికి అందులో రక్తం, ఓ రకమైన దుర్వాసన. ఇది పార్వో కావచ్చు. 1970ల చివర్లో బయటపడి ప్రపంచమంతా పాకిన వైరస్ ఇది. పేగుల లోపలి పొరను తినేస్తుంది, తెల్లకణాలను పడగొడుతుంది. నీళ్లు, లవణాలు పోయి చిన్న పిల్ల ఒకటి రెండు రోజుల్లోనే చనిపోవచ్చు. సెలైన్, వాంతులు ఆపే ఇంజెక్షన్లు, ఇన్ఫెక్షన్‌కు మందు టైముకు పడితే చాలా పిల్లలు బతుకుతాయి. ఓఆర్‌ఎస్ తాగించి తెల్లారేదాకా చూద్దామనుకోకండి.

‘ఒక టీకా వేయించాం కదా’ అంటారు. ఒక్కటి ఎందుకు చాలదో తెలిస్తే మీరే మిగతావి వదలరు. పుట్టగానే తాగే ముర్రుపాల నుంచి పిల్లకు తల్లి రక్షణ అందుతుంది. ఆ రక్షణ ఉన్నంతకాలం టీకాను కూడా శత్రువనుకుని అడ్డుకుంటుంది. అది ఏ వారంలో కరిగిపోతుందో ఒక్కో పిల్లలో ఒక్కోలా ఉంటుంది. అందుకే ఆరు, ఎనిమిది వారాల మధ్య మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకోసారి, 16 వారాలు నిండేదాకా వేస్తారు. ఏదో ఒక డోసు సరైన సమయంలో తగులుతుంది. చివరి డోసు పడేదాకా వీధిలో, పార్కులో నేల మీద దించకండి. ఎత్తుకుని తిప్పండి, చుట్టూ ప్రపంచాన్ని చూడటం కూడా దానికి అవసరమే. ఇంట్లో ఇంతకుముందు పార్వో వచ్చి ఉంటే మామూలు ఫినాయిల్‌తో తుడిచి సరిపెట్టుకోవద్దు. దానికి లొంగదు, నెలల తరబడి నేల మీదే ఉంటుంది. బ్లీచ్ కలిపిన నీళ్లు వాడాలి.

రేబిస్ టీకా మూడు నెలలు నిండాక, మళ్లీ ఏడాదికి. లక్షణాలు బయటపడ్డాక ఈ జబ్బుకు చికిత్స దాదాపు లేనట్టే. టీకా పూర్తికాని పిల్ల ఆటలో గీరినా సబ్బుతో పావుగంట కడుక్కుని మీరు ఆస్పత్రికి వెళ్లాల్సిందే. పిల్ల పళ్లే కదా అనుకోవద్దు.

మగవాటికి ప్రత్యేకంగా ఉన్న గండం ఇంకోటి. ఇందాక చెప్పిన ఎముక గుర్తుందా? మూత్రనాళం దాని కింద గాడిలోంచి వెళ్తుంది. అక్కడ నాళం వ్యాకోచించలేదు. మూత్రాశయంలో తయారైన చిన్న రాయి సరిగ్గా ఆ ఎముక మొదట్లో ఇరుక్కుంటుంది. పుట్టుకతోనే లివర్ రక్తనాళాల లోపం ఉన్న పిల్లల్లో, డాల్మేషన్ జాతిలో రాళ్లు చిన్న వయసులోనే రావచ్చు. కుక్క పదేపదే వంగి ముక్కుతుంది, చుక్కలు తప్ప రావు. చూసేవాళ్లు మలబద్ధకం అనుకుని ఆముదం పడతారు. విరేచనం కాకపోతే ఒక రోజు ఆగవచ్చు, మూత్రం పూర్తిగా ఆగితే ఆగకూడదు. మూత్రాశయం పగలవచ్చు, విషం రక్తంలో కలుస్తుంది. రోజూ వాకింగ్‌లో ధార ఎలా వస్తోందో ఓ కన్నేయండి. ఆ రెండు నిమిషాలు ఫోన్ జేబులో పెట్టుకుంటే చాలు.

అలాగే పురుషాంగం బయటికొచ్చి అరగంట దాటినా లోపలికి వెళ్లకపోతే, ఎర్రగా, పొడిగా మారుతుంటే అదీ ఎమర్జెన్సీయే. షిట్జూ, పొమరేనియన్ లాంటి బొచ్చు జాతుల్లో వెంట్రుకలు చుట్టుకుని ఇలా అవుతుంది. బలవంతంగా తోయకండి. చల్లటి నీళ్లలో తడిపిన శుభ్రమైన గుడ్డ కప్పి, ఎండిపోకుండా చూసుకుంటూ బండి తీయండి.

వానాకాలంలో గోమార్లు. చెవుల లోపల, కాలివేళ్ల సందుల్లో రోజూ వెతకండి. వాటితో వచ్చే జ్వరంలో చిగుళ్లు పాలిపోతాయి, మూత్రం కాఫీ రంగులోకి మారవచ్చు, కొన్నిసార్లు ముక్కులోంచి రక్తం వస్తుంది. ఆరోగ్యంగా ఉన్న రోజే మీ పిల్ల చిగుళ్ల రంగు ఫొటో తీసి పెట్టుకోండి. తేడా వచ్చిన రోజు పోల్చుకోవడానికి పనికొస్తుంది.

రాత్రి పదకొండింటికి వెతుక్కునే పని పెట్టుకోకుండా, పిల్లను తెచ్చిన వారమే మీ ఏరియాలో రాత్రిపూట తెరిచి ఉండే క్లినిక్ నంబర్ సేవ్ చేసుకోండి. ఖర్చు భరించలేమనుకునేవాళ్లు ప్రభుత్వ పశువైద్యశాలలను మర్చిపోకండి. హైదరాబాద్‌లో నారాయణగూడ ఆస్పత్రి ఉంది. రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం వెటర్నరీ కాలేజీల్లోనూ కుక్కలను చూస్తారు.

ఆపరేషన్ ఎప్పుడు?

ఆరేడు నెలలకే మగ కుక్క తండ్రి కాగలదు. గేటు తీసి ఉన్న ఐదు నిమిషాలు చాలు. మీ వీధిలో పుట్టే ఆ పిల్లల్లో ఎన్ని వానాకాలం దాటుతాయో మీకూ తెలుసు. కాబట్టి న్యూటరింగ్ గురించి ఆలోచించాల్సిందే. ‘మగాడికి అన్యాయం చేస్తావా’ అని ఇంట్లో మామయ్యలు, బాబాయిలు అడ్డుపడతారు. కుక్కకు ఆ పరువు బాధలేమీ ఉండవు, ఆ బాధ మామయ్యలదే!

అయితే తొందర కూడా మంచిది కాదు. కాలిఫోర్నియా యూనివర్సిటీ డేవిస్ పరిశోధకులు 759 గోల్డెన్ రిట్రీవర్ల రికార్డులు పరిశీలించి 2013లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఏడాదిలోపు ఆపరేషన్ చేసిన మగవాటిలో 10 శాతానికి తుంటి కీలు లోపం కనిపించింది. చేయనివాటితో పోలిస్తే ఇది రెట్టింపు. ఎముకల చివర్లు మూసుకోవడానికి మగ హార్మోన్లు అవసరం. అందుకని లాబ్రడార్, గోల్డెన్, షెపర్డ్ లాంటివాటికి ఏడాది దాటేదాకా ఆగమని, చిన్న జాతులకు ఆర్నెల్లకే చేయవచ్చని చాలామంది డాక్టర్లు చెబుతారు. బయట తిరిగే వీధికుక్క పిల్లల విషయంలో లెక్క వేరు, అక్కడ ముందే చేయడమే నయం. మీ పిల్ల జాతి, బరువు, ఇంట్లో ఆడకుక్క ఉందా లేదా అన్నది చూసి డాక్టర్‌తో కలిసి తేదీ ఖరారు చేసుకోండి. ఇది చేస్తే కోపం, మొరుగుడు అన్నీ మాయమవుతాయని మాత్రం అనుకోకండి. ఆడకుక్కల కోసం పారిపోవడం, ఇంట్లో గోడల మీద పోయడం తగ్గవచ్చు. భయంతో కరిచే అలవాటు ఆపరేషన్‌తో పోదు.

అయ్యాక పది, పద్నాలుగు రోజులు మెడకు ఆ గరాటులాంటి కాలర్ ఉంచండి. జాలిపడి తీసేస్తే ఒక్క రాత్రిలో కుట్లు నాకి విప్పేస్తుంది. ఇంకో సంగతి... ఆపరేషన్ అయిన రోజు నుంచే ఇక పిల్లలు పుట్టవనుకోవద్దు. నాళాల్లో మిగిలిన వీర్యకణాలు కొన్ని వారాలు పనిచేస్తాయి. ఓ నెల రోజులు గేటు వేసే ఉంచండి.